మెక్సికన్ వంట మొదటి నుంచి: సున్నంలో ఉడికిన మొక్కజొన్నతో మొదలుపెట్టి మోలే దాకా

మెక్సికన్ వంట అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది కరకరలాడే గట్టి టాకో, దాని మీద పసుపు చీజ్, సన్నగా తరిగిన లెట్యూస్, పుల్లటి క్రీమ్. అది ఎక్కువగా అమెరికాలో, అందులోనూ టెక్సాస్ వైపు పెరిగిన వంట. దానికీ ఒక చరిత్ర ఉంది, ఇష్టమైనవాళ్లు హాయిగా తినొచ్చు. కానీ మెక్సికో రాష్ట్రాలైన పుయెబ్లాలో, వహాకాలో, యుకతాన్‌లో ఇళ్లల్లో వండుకునేవి మన వంటింట్లో చేసుకోవాలంటే దారి వేరు, ఆ దారి చీజ్ దగ్గర కాకుండా సున్నం దగ్గర మొదలవుతుంది.

వంటకాల పేర్లు, రెసిపీలు బట్టీ పట్టకండి. మూడు పనులు చేతికి రానివ్వండి. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి ముద్ద చేయడం, మిరపకాయల్ని కాల్చి నానబెట్టి రుబ్బి నూనెలో వేయించడం, రాజ్మా జాతి గింజల్ని ఓపిగ్గా ఉడికించడం. ఈ మూడూ వచ్చాక టాకో, ఎంచిలాదా, చిలాకిలెస్, తమాలే, పోసోలే అన్నీ వాటి కలయికలుగానే కనిపిస్తాయి. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటను మిచోవాకాన్ రాష్ట్రాన్ని నమూనాగా చూపుతూ మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా గుర్తించింది విడి వంటకాన్ని కాదు, పొలం నుంచి కొమాల్ పెనం దాకా సాగే ఈ మొత్తం పద్ధతినే.

సామాన్లు, ముందుగా

పనిముట్లు కొత్తవి కొనక్కర్లేదు. కొమాల్ అంటే చదునైన పెనం, మన ఇనప పెనం సరిపోతుంది. మోల్కహెతే అనే రాతి రోలు స్థానంలో ఇంట్లో ఉన్న రోలు చాలు. టోర్టియాలు, అంటే పలుచటి మొక్కజొన్న రొట్టెలు, నొక్కే ప్రెస్ ఉంటే పని తేలిక, లేకపోతే రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య ఉండ పెట్టి బరువైన గిన్నె అడుగుతో నొక్కండి.

దినుసుల్లో సగం మన ఇంట్లోనే ఉంటాయి, ఎందుకంటే మిరపకాయ, టమాటా, మొక్కజొన్న, వేరుశనగ, సీతాఫలం, సపోటా ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో పదహారో శతాబ్దంలో మన తీరానికి రాకముందు ఇక్కడ కారమంటే ముఖ్యంగా మిరియాలే. అందుకే ఈ వంట తెలుగువాళ్లకు అంత కొత్తగా అనిపించదు, కానీ అదే మనకు ఒక ఉచ్చు కూడా. చెయ్యి అలవాటు కొద్దీ పసుపు, గరం మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద, కరివేపాకు వైపు పోతుంది. వాటిని ఈ వంటకాల్లో వేయకండి. వెల్లుల్లి ఒక్కటే ఉంటుంది, అల్లం ఉండదు. జీలకర్ర వాడినా చిటికెడే.

దొరకని వాటికి నేను ఒప్పుకునే ప్రత్యామ్నాయాలు ఇవి. కెసో ఫ్రెస్కో అనే పొడిపొడిగా రాలే తెల్ల జున్నుకు బదులు, ఉప్పు కలిపి గట్టిగా బరువు పెట్టిన పనీర్. సాగే వహాకా చీజ్‌కు మొజరెల్లా. క్రెమా అనే పుల్లటి మీగడకు బదులు ఫ్రెష్ క్రీమ్‌లో రెండు చెంచాల చిక్కటి పెరుగు. సెర్రానో, హలపేన్యో పచ్చిమిర్చికి మనవే, కాస్త లావుగా ఉండేవి. పుల్లటి ఆకుపచ్చ టొమాటీయో కాయలకు బదులు పచ్చి టమాటాల్లో నిమ్మరసం పిండితే పర్వాలేదు అనిపించే సాల్సా, అంటే పచ్చడి, వస్తుంది. పంది కొవ్వుకు బదులు నూనె వాడొచ్చు, రుచి తేలికవుతుంది, తప్పేమీ లేదు.

డల్లాస్‌లోనో, శాన్ హోసేలోనో ఉన్నవాళ్లకు ఇవన్నీ పక్క వీధిలోని మెక్సికన్ దుకాణంలో చవగ్గా దొరుకుతాయి. హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్లు ఎండు మిరపకాయల రకాలు, మాసా హరీనా (సున్నంలో ఉడికించిన మొక్కజొన్న) పిండి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, ఖరీదు ఎక్కువే. అందుకే వేటికి డబ్బు పెట్టాలో, వేటికి అక్కర్లేదో కింద ఎక్కడికక్కడ చెబుతాను.

మొదటి మెట్టు: నిష్తమాల్

నిష్తమాల్ అంటే సున్నపు నీళ్లలో ఉడికించి నానబెట్టిన మొక్కజొన్న. దీని మీదే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది అర్థం కాకపోతే మిగతాదంతా పైపై అలంకరణే.

మొక్కజొన్నను దాదాపు తొమ్మిది వేల ఏళ్ల కిందట దక్షిణ మెక్సికోలో తెయోసింతే అనే గడ్డి నుంచి మనుషులు మచ్చిక చేశారు. గింజను ఎండబెట్టి పిండి పట్టి రొట్టె చేయబోతే అది అంటుకోదు, విరిగిపోతుంది. అక్కడివాళ్లు వేల ఏళ్ల కిందటే సున్నమో బూడిదో కలిపిన నీళ్లలో గింజల్ని ఉడికించడం మొదలుపెట్టారు. ఆ క్షారం గింజ పైపొట్టును కరిగిస్తుంది, పిండికి సాగే గుణం ఇస్తుంది, వాసన మారుస్తుంది. అంతకన్నా ముఖ్యం, గింజలో బిగుసుకుని ఉన్న నయాసిన్ అనే బి విటమిన్‌ను ఒంటికి పట్టేలా విడుదల చేస్తుంది, కాల్షియం కూడా చేరుస్తుంది.

యూరప్‌వాళ్లు గింజను పట్టుకెళ్లారు గానీ ఈ పద్ధతిని పట్టుకెళ్లలేదు. ఫలితంగా మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన ఉత్తర ఇటలీలో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పేదలు నయాసిన్ చాలక వచ్చే పెల్లాగ్రా జబ్బుతో చర్మం పగిలి, మతి చెడి చనిపోయారు. ఈ జబ్బు మనకూ తెలియనిది కాదు. జొన్నలే తిండిగా బతికిన తెలంగాణ పేదల్లో అది ఎందుకొస్తోందని 1960లలో హైదరాబాద్‌లోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం పరిశోధించింది. మెక్సికో పల్లెల్లో మాత్రం, మొక్కజొన్న అంతకంటే ఎక్కువే తిన్నా, ఈ జబ్బు పెద్దగా రాలేదు. సున్నం, దాంతోపాటు రోజూ పక్కన ఉండే చిక్కుడు గింజలు వాళ్లను కాపాడాయి.

చేసే విధానం ఇలా.

కావలసినవి: ఎండు మొక్కజొన్న గింజలు కిలో, తినే సున్నం 10 గ్రాములు, నీళ్లు మూడు లీటర్లు. స్వీట్ కార్న్ పనికిరాదు, పాప్‌కార్న్ గింజలూ వద్దు. మామూలు మక్కలే కావాలి, తెల్లవి దొరికితే మరీ మంచిది. కానీ మన దగ్గర పండే మక్కల్లో ఎక్కువ భాగం కోళ్ల దాణాకు పోతుంది కాబట్టి, దాణా కోసం నిల్వ ఉంచిన గింజలు కొనకండి, బూజు పట్టి ఉండొచ్చు. విత్తనాల దుకాణంలో రంగు పూసి అమ్మేవాటిని అసలు ముట్టుకోకండి, వాటికి మందు పట్టించి ఉంటుంది. తిండికి అమ్మే గింజలే, కిరాణా కొట్టులో అడిగి తీసుకోండి. సున్నం విషయానికొస్తే, తాంబూలంలో వేసుకునే సున్నం కూడా అదే కాల్షియం హైడ్రాక్సైడ్, శుభ్రమైనది చూసి వాడొచ్చు, తడిగా ఉంటుంది కాబట్టి కాస్త ఎక్కువ తీసుకోవాలి. గోడలకు వేసేది వద్దు.

1. స్టీలు గిన్నెలో నీళ్లు పోసి సున్నం కలపండి. అల్యూమినియం గిన్నె వాడొద్దు, క్షారం దాన్ని తినేస్తుంది. సున్నం చేతికి అంటితే వెంటనే కడుక్కోండి, కళ్లకు తగలనివ్వకండి.

2. కడిగిన గింజలు వేసి, మరుగు రాగానే మంట తగ్గించి 30 నుంచి 45 నిమిషాలు ఉడికించండి. గింజలు ముదురు పసుపుకు తిరుగుతాయి, తెల్లవైనా సరే. ఒక గింజను వేళ్ల మధ్య రుద్దితే పొట్టు జారిపోవాలి, కొరికితే లోపల ఇంకా కాస్త గట్టిగా ఉండాలి. పూర్తిగా ఉడికిస్తే ముద్ద జిగురవుతుంది.

3. మూత పెట్టి రాత్రంతా, అంటే 8 నుంచి 12 గంటలు అలాగే వదిలేయండి. ఈ నానడమే అసలు పని.

4. పొద్దున ఆ పసుపు నీళ్లు వంపేసి, గింజల్ని చేతుల మధ్య రుద్దుతూ రెండు మూడుసార్లు కడగండి. పొట్టు మొత్తం పోనక్కర్లేదు, కొంచెం ఉంటేనే ముద్ద అంటుకుంటుంది.

5. రుబ్బడం. ఇక్కడే ఇంట్లో ఇబ్బంది. వెట్ గ్రైండర్‌కు నీళ్లు ఎక్కువ కావాలి, ఈ ముద్దకు తక్కువ ఉండాలి. మిక్సీలో కొద్దికొద్దిగా, ఒక్కో చెంచా నీళ్లు చిలకరిస్తూ, మధ్యలో మిక్సీకి విశ్రాంతి ఇస్తూ రుబ్బండి. నీళ్లు ఎక్కువైతే కాస్త మాసా హరీనా కలిపి సరిచేయొచ్చు.

ఇంత పని రోజూ కుదరదు. మాసా హరీనా అంటే ఈ ముద్దనే ఆరబెట్టి పొడి చేసినది, మెక్సికోలోనూ లక్షల ఇళ్లలో అదే వాడతారు. రెండు కప్పుల పిండికి ఒకటిన్నర కప్పు గోరువెచ్చటి నీళ్లు, అర చెంచా ఉప్పు, కలిపి అరగంట మూత పెట్టాలి. కానీ ఒక్క మాట గట్టిగా చెబుతున్నా, మన దుకాణాల్లో దొరికే మక్క పిండి మాసా హరీనా కాదు, దానికి సున్నం తగల్లేదు, దాంతో టోర్టియా రాదు. డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు ఇదే.

రెండో మెట్టు: టోర్టియా

ముద్ద తడి ఎంత ఉండాలో వేళ్లకు తెలియాలి. చిన్న ఉండ చేసి నొక్కండి, అంచులు పగిలితే నీళ్లు చాలలేదు, చేతికి అంటుకుంటే ఎక్కువయ్యాయి. జొన్నరొట్టె తట్టడం వచ్చినవాళ్లకు ఈ లెక్క వెంటనే దొరుకుతుంది, ఎందుకంటే గ్లూటెన్ లేని పిండిని తడితోనే అదుపు చేయడం రెండింటిలోనూ ఒకటే.

నిమ్మకాయంత ఉండ, సుమారు 30 గ్రాములు. రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య పెట్టి 14, 15 సెంటీమీటర్ల వెడల్పుకు నొక్కండి. పెనం బాగా కాలి ఉండాలి, నూనె వద్దు. టోర్టియాను వేసిన 15, 20 సెకన్లకు అంచులు పెనం నుంచి విడతాయి, తిప్పండి. రెండో వైపు దాదాపు ఒక నిమిషం, మచ్చలు పడేదాకా. మళ్లీ తిప్పి, మధ్యలో వేలితో మెల్లగా ఒత్తితే పొంగుతుంది. పొంగకపోయినా తినడానికి బాగానే ఉంటుంది, టెన్షన్ పడొద్దు, కానీ ప్రతిసారీ పొంగట్లేదంటే పెనం వేడి చాలట్లేదు లేదా ముద్ద పొడిగా ఉంది. తీసిన వెంటనే మందపాటి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. ఆ ఆవిరిలో పది నిమిషాలు మగ్గితేనే మెత్తగా, మడిస్తే విరగకుండా ఉంటాయి. చాలామంది ఈ మగ్గబెట్టడం వదిలేసి, టోర్టియాలు గట్టిగా వచ్చాయని పిండిని తిడతారు.

గోధుమ పిండి టోర్టియాలు కూడా నిజమైన మెక్సికో వంటే, సొనోరా లాంటి ఉత్తర రాష్ట్రాల్లో అవే ఎక్కువ. బురిటో అటువైపుదే.

మూడో మెట్టు: సాల్సా, పచ్చిది కాదు, కాల్చినది

నాలుగు టమాటాలు, మూడు పచ్చిమిర్చి, పావు ఉల్లిపాయ, పొట్టు తీయని రెండు వెల్లుల్లి రెబ్బలు. అన్నీ పొడి పెనం మీద వేయండి. టమాటా చర్మం అక్కడక్కడా నల్లబడి, లోపల మెత్తబడి రసం కారేదాకా పది పన్నెండు నిమిషాలు పడుతుంది. వెల్లుల్లి ముందే అయిపోతుంది, తీసి పొట్టు ఒలవండి. రోట్లో ముందు వెల్లుల్లి, రాళ్ల ఉప్పు, తర్వాత మిర్చి, చివర టమాటా, కచ్చాపచ్చాగా నూరండి. ఆ నల్లటి మచ్చలు తీసేయకండి, రుచి అందులోనే ఉంది. పైన కొత్తిమీర, సన్నగా తరిగిన ఉల్లి. పోపు పెట్టొద్దు, చింతపండు వద్దు.

గ్వాకమోలే కూడా ఇదే రోట్లో చేయండి. ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు ముందు నూరి, ఆ పసరులో పండిన అవకాడో వేసి ముక్కలు తగిలేలా కలపాలి. కొడగు, కొడైకెనాల్ వైపు నుంచి వచ్చే అవకాడోలు ఈమధ్య పెద్ద ఊళ్లలో దొరుకుతున్నాయి, తొడిమ దగ్గర ఒత్తితే కొంచెం లొంగేది కొనండి.

నాలుగో మెట్టు: గింజలు

మెక్సికో పొలంలో మొక్కజొన్న, చిక్కుడు తీగ, గుమ్మడి కలిపి వేస్తారు, మిల్పా అంటారు. తీగ మొక్కజొన్న కాడను పట్టుకుని పాకుతుంది, గుమ్మడి ఆకులు నేలను కప్పుతాయి. పళ్లెంలోనూ మొక్కజొన్న, గింజల జంట ఉంటుంది. మొక్కజొన్నలో తక్కువైన లైసిన్ అనే ప్రొటీన్ భాగాన్ని గింజలు పూడుస్తాయి.

నల్ల గింజలు వాడేది దక్షిణాన, వెరాక్రూస్ వైపు. ఉత్తరాన మచ్చల పింటో. మనకు చిత్రా రాజ్మా సరిపోతుంది. అరకిలో రాత్రి నానబెట్టి, సగం ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి, చెంచా నూనె వేసి ఉడికించండి. మామూలు గిన్నెలో రెండు గంటలు, కుక్కర్‌లో తక్కువ మంట మీద 25 నిమిషాలు. ఉప్పు చివర్లో. గిన్నెలో చేస్తే మొదటి పది నిమిషాలు గలగలా మరగనివ్వాలి, అరకొర వేడిలో ఉడికిన రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే విష పదార్థం వాంతులు తెప్పిస్తుంది. స్లో కుక్కర్‌లో నేరుగా వేయడం ఇందుకే ప్రమాదం.

ఆ రసంతోనే ఒక గిన్నెడు గింజలు, పక్కన వేడి టోర్టియా, కొంచెం సాల్సా, ఇది మెక్సికోలో నిజంగా రోజూ తినే భోజనం. మర్నాడు మిగిలినవాటిని నూనెలో ఉల్లి వేయించి, గింజలు రసంతో సహా వేసి మెదుపుతూ దగ్గరపడేదాకా వేయిస్తే ఫ్రిహోలెస్ రెఫ్రీతోస్ తయారు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. బయట తినేటప్పుడు ఈ వేయించిన గింజల్లో పంది కొవ్వు, టమాటాతో వండే ఎర్ర అన్నంలో కోడి ఉడికించిన నీళ్లు ఉండటం చాలా మామూలు. మాంసం ముక్క కనిపించలేదని తినేయకండి, అడిగి తెలుసుకోండి.

ఇక్కడ ఆగి ఒక భోజనం చేయండి

ఈ నాలుగూ వచ్చాక కొత్తది నేర్చుకోకుండా ఒకసారి కూర్చుని తినండి. నేనైతే తింగా చేయమంటాను, పుయెబ్లా వంటకం, తేలిక. అరకిలో కోడి మాంసం ఉడికించి పీచులుగా చీల్చండి. రెండు ఉల్లిపాయలు నిలువుగా తరిగి వేయించి, నాలుగు టమాటాలు, డబ్బాలో దొరికే రెండు చిపోట్లే మిరపకాయలు రుబ్బి పోసి, కోడి వేసి పావుగంట ఉడికించాలి. చిపోట్లే అంటే పండిన హలపేన్యోను పొగపెట్టి ఎండబెట్టినది. ఆ పొగ వాసనే ఈ కూరకు ప్రాణం, కాబట్టి ఇది డబ్బు పెట్టాల్సిన రెండో వస్తువు.

మాంసం తిననివాళ్లు గుమ్మడి పూలతో కెసాదియా చేసుకోవచ్చు, మెక్సికోలో వానాకాలపు వంటకం. పూల కాడలు, లోపలి కేసరం తీసేసి, ఉల్లి, పచ్చిమిర్చితో రెండు నిమిషాలు వేయించి, టోర్టియాలో చీజ్‌తో పాటు పెట్టి మడిచి పెనం మీద కాల్చాలి. సంతలో గుమ్మడి పూలు దొరికిన రోజు వదలకండి.

తాగడానికి ఆగ్వా దే హమైకా. అందులో వాడే ఎర్రటి పూరేకుల తొడుగులు గోంగూర మొక్కవే, శాస్త్రీయంగా హైబిస్కస్ సబ్డారిఫా. మనం ఆకు తింటాం, వాళ్లు కాయ చుట్టూ ఉండే ఆ ఎర్ర తొడుగును ఎండబెట్టి వాడతారు. పెరట్లో ఎర్ర గోంగూర, అదే పుంటికూర, పూతకు వదిలితే ఇంట్లోనే దొరుకుతాయి. ఒక కప్పు ఎండు తొడుగులకు రెండు లీటర్ల నీళ్లు, పది నిమిషాలు మరిగించి, వడగట్టి, పంచదార కలిపి చల్లార్చండి.

ఐదో మెట్టు: ఎండు మిరపకాయల సాస్

ఇక్కడ మన అలవాటు పూర్తిగా మార్చుకోవాలి. మనకు ఎండుమిర్చి అంటే ముందు కారం. వాళ్లకు ముందు రుచి, రంగు, చిక్కదనం, కారం వాటి తర్వాత. ఒక సాస్‌లో పది కాయలు పడతాయి, గుంటూరు సన్నం పది వేస్తే ఎవరూ తినలేరు. ఆంచో అనేది పండిన పొబ్లానో మిరపను ఎండబెట్టినది, తియ్యగా, ఎండుద్రాక్ష వాసనతో ఉంటుంది, కారం చాలా తక్కువ. గ్వాహియో పలుచటి ఎర్ర తోలు, కాస్త పులుపు. పాసియా నల్లగా, పొడవుగా, కొంచెం చేదుగా. అర్బోల్ చిన్నది, కారం కోసమే, దానికి బదులు మన గుంటూరు కాయ ఒకటి రెండు వేయొచ్చు. గ్వాహియోకు బదులు బ్యాడగి రంగుకు బాగా పనికొస్తుంది. ఆంచోకు సరైన ప్రత్యామ్నాయం లేదు, బ్యాడగితో పాటు ఒక చెంచా ఎండుద్రాక్ష వేస్తే దగ్గరకు వస్తుంది.

1. ఐదు గ్వాహియో, రెండు ఆంచో కాయల తొడిమలు, గింజలు, లోపలి నరాలు తీసేయండి.

2. ఓ మోస్తరు వేడి పెనం మీద అట్లకాడతో నొక్కుతూ ఒక్కో వైపు కొన్ని సెకన్లే ఉంచండి. వాసన రాగానే తీయాలి. నల్లబడితే పారేసి కొత్తది తీసుకోండి, ఒక్క మాడిన కాయ మొత్తం సాస్‌ను చేదు చేస్తుంది.

3. వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. ఆ నీళ్లు రుచి చూడండి, చేదుంటే పారబోసి రుబ్బడానికి మంచినీళ్లు వాడండి.

4. రెండు కాల్చిన టమాటాలు, రెండు వెల్లుల్లి, పావు ఉల్లి, చిటికెడు ఓరెగానో వేసి మెత్తగా రుబ్బి జల్లెడ పట్టండి. బ్యాడగితో చేస్తే జల్లెడ తప్పనిసరి.

5. వెడల్పు మూకుడులో రెండు చెంచాల నూనె బాగా కాగాక సాస్ మొత్తం ఒకేసారి పోయండి, చిందుతుంది, దూరంగా నిలబడండి. కలుపుతూ ఎనిమిది పది నిమిషాలు, రంగు ముదిరి, నూనె అంచుల్లో తేలేదాకా. పచ్చి వాసన పోయేది ఇక్కడే. చాలామంది ఈ చివరి పని వదిలేస్తారు, అప్పుడు సాస్ పలుచగా, పచ్చిగా మిగులుతుంది.

ఈ సాస్ ఉంటే ఎంచిలాదా పావుగంట పని. టోర్టియాను సాస్‌లో ముంచి, నూనెలో రెండు వైపులా కొన్ని సెకన్లు తిప్పి, ఉల్లి, చీజ్ లేదా కోడి పెట్టి చుట్టి, పైన పనీర్ పొడి, క్రీమ్. ఓవెన్‌లో చీజ్ కప్పి కాల్చక్కర్లేదు. నిన్నటి గట్టిపడ్డ టోర్టియాలను ముక్కలు కోసి వేయించి ఇదే సాస్‌లో ఒక్క నిమిషం కలిపి, పైన గుడ్డు పెడితే చిలాకిలెస్, పొద్దున్నే తినేది. పూర్తిగా మెత్తబడకముందే వడ్డించండి.

ఆరో మెట్టు: పోసోలే, తమాలే

ఇవి ఆదివారం వంటలు, నలుగురు కలిసి చేసేవి.

పోసోలేకు నిష్తమాల్‌ను రుబ్బకుండా గింజలుగానే వాడతారు. పొట్టు పూర్తిగా పోయేలా రుద్ది కడిగి, ప్రతి గింజ మొన దగ్గరున్న గట్టి ముక్కను గిల్లేయాలి, అప్పుడే గింజ పువ్వులా విచ్చుకుంటుంది. విసుగు పుట్టే పనే, పిల్లల్ని కూర్చోబెట్టండి. అరకిలో గింజలు రెండు మూడు గంటలు ఉడికి విచ్చుకున్నాక, విడిగా ఉడికించిన పంది లేదా కోడి మాంసం, దాని నీళ్లు, పైన చెప్పిన ఎర్ర సాస్ కలిపి ఇంకో అరగంట. హలిస్కోలో ఇలా ఎర్రగా చేస్తారు, గెర్రెరోలో గుమ్మడి గింజలు, టొమాటీయో వేసి ఆకుపచ్చగా, అక్కడ గురువారం వచ్చిందంటే పోసోలే తినాల్సిందే. గిన్నెలో పోశాక ఎవరికి వారు తరిగిన క్యాబేజీ, ముల్లంగి, ఉల్లి, ఓరెగానో, నిమ్మరసం వేసుకుంటారు. ఆ పచ్చివి లేకపోతే వంటకం సగమే.

తమాలేకు ముద్దలో కొవ్వు కలిపి గిలక్కొట్టాలి. తమాలే కోసమని అమ్మే గరుకు మాసా నాలుగు కప్పులు, పావుకిలో కొవ్వు లేదా వెన్న, ఒక చెంచా బేకింగ్ పౌడర్, ఉప్పు, మూడు కప్పుల గోరువెచ్చటి సూప్ నీళ్లు. గ్లాసు నీళ్లలో చిటికెడు ముద్ద వేస్తే తేలాలి, మునిగితే ఇంకా కొట్టాలి. నానబెట్టిన మొక్కజొన్న పొత్తు పైపొరల్లోనో, వహాకా, యుకతాన్ వైపులా అరటి ఆకుల్లోనో పెట్టి, మధ్యలో ఎర్ర సాస్ కలిపిన కోడి లేదా కాల్చిన మిరప చీలికలు, చీజ్ ఉంచి మడిచి ఆవిరి మీద గంట, గంటంపావు ఉడికించాలి. పెద్ద ఇడ్లీ పాత్రలో రంధ్రాల పళ్లెం పెట్టి నిలువుగా పేర్చొచ్చు. ఆకు నుంచి ముద్ద అంటకుండా విడిపోతే అయినట్టే. మెక్సికోలో జనవరి 6న కోసే పండగ రొట్టెలో దాచిన చిన్న బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న అందరికీ తమాలేలు పెట్టాలి.

అరటి ఆకు దొరికే మనకు యుకతాన్ కోచినీతా పిబిల్ కూడా అందుబాటులోనే ఉంది. అక్కడ పంది మాంసాన్ని అచియోటే ముద్ద, పుల్ల నారింజ రసంలో నానబెట్టి, ఆకుల్లో చుట్టి నేలలో తవ్విన పొయ్యిలో కాలుస్తారు. అచియోటే అంటే మన జాఫ్రా గింజలే. పుల్ల నారింజ లేకపోతే కమలా రసంలో సగం నిమ్మరసం. ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర మూడు గంటలు, గట్టిగా మూత పెట్టి. పక్కన నిమ్మరసంలో ఊరబెట్టిన ఎర్ర ఉల్లిపాయ తప్పనిసరి.

చివరిది: మోలే పొబ్లానో

మిరపకాయలు, గింజలు, మసాలాలు కలిపి రుబ్బి వండే చిక్కటి సాస్ ఇది. పుయెబ్లాలోని శాంతా రోసా కాన్వెంట్ వంటింట్లో సన్యాసినులు దీన్ని పుట్టించారని కథ చెబుతారు. కథ ఎలా ఉన్నా, ఇందులో రెండు ప్రపంచాలు కలిసి ఉన్నాయి. మిరప, టమాటా, చాక్లెట్, వేరుశనగ, టర్కీ కోడి అక్కడివి, నువ్వులు, దాల్చినచెక్క, లవంగం, మిరియాలు, బాదం సముద్రం దాటి వచ్చినవి. చాక్లెట్ సాస్ అని దీన్ని పిలవడం అన్యాయం. అంత మిరపలో చాక్లెట్ గుండ్రపు బిళ్లలో సగమో ముప్పావో పడుతుంది, చేదును సర్దడానికి.

దీనికి ప్రత్యామ్నాయాలు వద్దు. ఆరు ములాతో (ఆంచోలాంటిదే, ఇంకా నల్లటి ఎండుమిర్చి), నాలుగు ఆంచో, నాలుగు పాసియా కాయలు తెప్పించుకోండి, లేకపోతే దొరికేదాకా ఆగండి. బ్యాడగితో చేసింది బాగుండొచ్చు గానీ అది మోలే కాదు.

కాయల గింజలు తీసి, నూనెలో ఒక్కో రకాన్ని విడిగా కొన్ని సెకన్లు వేయించి నానబెట్టండి. అదే నూనెలో వరుసగా, ప్రతిదీ విడిగా, 50 గ్రాముల బాదం, 50 గ్రాముల వేరుశనగ, 50 గ్రాముల ఎండుద్రాక్ష ఉబ్బేదాకా, ఒక టోర్టియా, ఒక బ్రెడ్ ముక్క, ఉల్లి, వెల్లుల్లి, రెండు టమాటాలు. మూడు పెద్ద చెంచాల నువ్వులు, నాలుగు లవంగాలు, ఐదు మిరియాలు, చిన్న దాల్చిన ముక్క, చిటికెడు సోంపు పొడి పెనం మీద. అన్నీ కలిపి ఒకేసారి వేయిస్తే కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి, అందుకే ఓపిక. మిరపకాయలు ఒక వాయి, మిగతావన్నీ ఇంకో వాయి, కోడి ఉడికించిన నీళ్లతో మెత్తగా రుబ్బి జల్లెడ పట్టండి.

మందపాటి గిన్నెలో నూనె కాగాక ముందు మిరప ముద్ద పదిహేను నిమిషాలు వేయించి, తర్వాత రెండోది, తర్వాత లీటరున్నర కోడి నీళ్లు కొద్దికొద్దిగా. చిన్న మంట మీద గంటన్నర, అడుగంటకుండా కలుపుతూ. చివరి అరగంటలో 60 గ్రాముల మెక్సికన్ చాక్లెట్, ఉప్పు, అవసరమైతే కాస్త పంచదార. గరిటె వెనక పట్టుకుని నిలిచేంత చిక్కగా ఉండాలి. ఉడికించిన కోడి ముక్కల మీద పోసి, వేయించిన నువ్వులు చల్లి, ఎర్ర అన్నంతో, టోర్టియాలతో వడ్డించండి.

చేసిన రోజు కన్నా మర్నాడు బాగుంటుంది, కాబట్టి చుట్టాలు వచ్చే ముందు రోజే చేసి పెట్టుకోండి. ఎనిమిది మందికి సరిపోగా మిగిలినదాన్ని ఇంకా దగ్గరికి వేయించి ముద్దగా చేసి ఫ్రీజర్‌లో పెడితే కొన్ని నెలలు నిల్వ ఉంటుంది. కావలసినప్పుడు కోడి నీళ్లతో కరిగించి, టోర్టియాలను అందులో ముంచి మడిస్తే ఎన్మోలాదాలు, ఇంకో పూట భోజనం అయిపోతుంది.